మేం ముట్టుకోని మండపం

శ్రావణమాసంలో పున్నమికి ముందొచ్చే శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. ఆ వారమంతా మా ఇంట్లో నాన్నకి వీధి అరుగే గతి. లోపల గోడలకి సున్నం, గడపలకి పసుపు, గుమ్మాలకి మామిడాకులు, తూర్పు గదిలో పీట వేసి అమ్మవారికి మండపం. ఆ మండపం దగ్గర అమ్మకీ వదినకీ ఏటా ఒక పేచీ. అమ్మ లెక్కలో రెండు అరటి పిలకలు, ఒక కలశం, దానికో రవికెల గుడ్డ ఉంటే లక్ష్మీదేవి వచ్చేస్తుంది. వదిన లెక్కలో అలాంటి ఇంటికి లక్ష్మీదేవి వచ్చినా గుమ్మంలోంచే తిరిగి వెళ్ళిపోతుంది. నేను ఎప్పుడూ వదిన పక్షమే. అమ్మ ఎదుట ఉంటే మాత్రం ఎవరి పక్షమూ కాదు.

మాది ఐనవిల్లికి దగ్గర్లో ఒక పల్లె. ఎకరన్నర కొబ్బరితోట, కొంచెం వరి. తిండికి సరిపోయేది, ఆపైన ఏమీ మిగిలేది కాదు. అందుకే అన్నయ్య పెళ్ళైన రెండో ఏడు మస్కట్ వెళ్ళాడు. అక్కడ ఒక కంపెనీలో నీళ్ళ ట్యాంకరు నడిపేవాడు. వదినది కొత్తపేట. నేను చెప్పబోయే ఏటికి వాళ్ళ పెళ్ళై ఏడేళ్ళు, వాళ్ళ పాపకి నాలుగేళ్ళు. నాకు పంతొమ్మిది. అమలాపురంలో డిగ్రీ చదువుతూ, లోకంలో నాకు తెలియనిది లేదనుకునే రోజులు. తొంభయ్యో దశకం చివరి మాట.

అన్నయ్యకి అక్కడ శుక్రవారం సెలవు. ఆ రోజు మధ్యాహ్నం భోజనాల వేళకి పక్కింటికి ఫోన్ చేసేవాడు. మా వీధి మొత్తానికీ ఫోనున్నది ఆ ఇంట్లోనే. పక్కింటి పెద్దావిడ గోడమీంచి "మస్కటండీ!" అని కేకేస్తే ఇంటిల్లిపాదీ పరిగెత్తేవాళ్ళం. ముందు అమ్మ, తర్వాత నాన్న, నేను, పాప. చివర్న వదిన. అందరం చుట్టూ నిలబడి చెవులు రిక్కించి వింటుంటే పాపం మొగుడితో ఏం మాట్లాడుతుంది? "ఆయ్", "అలాగేనండి", "మీరు తిన్నారా అండీ". ఆ మూడు ముక్కలతోనే ఆవిడ సంసారం నడిచింది.

ఆ వ్రతం వారం, బుధవారం మధ్యాహ్నం "మస్కటండీ!" అన్న కేక వినబడింది. శుక్రవారం కాకుండా ఫోనేంటని గొణుక్కుంటూ అమ్మ నడిచింది. వదిన ఇంట్లో లేదు. పాపని వెంటబెట్టుకుని వ్రతం సామాన్లకి అమలాపురం వెళ్ళింది. ఫోన్ నాన్న అందుకున్నాడు. మాట్లాడింది అన్నయ్య కాదు, అన్నయ్య గదిలో ఉండే మనిషి. రాత్రి భోంచేసి పడుకున్నవాడు పొద్దున్న లేవలేదట. ఆసుపత్రికి తీసుకెళితే గుండె ఆగిపోయిందన్నారట. కాగితాలన్నీ పూర్తయి పెట్టె ఇంటికి చేరడానికి రెండు మూడు వారాలు పడుతుందట. నాన్న అన్నిటికీ "ఆయ్, ఆయ్" అనే అన్నాడు. రిసీవరు జాగ్రత్తగా పెట్టేసి మా ఇద్దరి వైపూ తిరిగి, "అబ్బాయి లేడే" అన్నాడు.

అన్నయ్యకి ముప్పై మూడేళ్ళు.

ఇంటికెలా వచ్చామో నాకు గుర్తులేదు. అమ్మ తిన్నగా నూతి దగ్గరికి వెళ్ళి కట్టుకున్న చీరతోనే నెత్తిన చేదలు కుమ్మరించుకుంది. చావు కబురు విన్నవాళ్ళు చెయ్యాల్సిన స్నానం అది. కన్నకొడుకు పోయాడని విన్న క్షణంలో కూడా ఈవిడకి మడే గుర్తొచ్చిందా అని నాకు ఒళ్ళు మండింది. ఏం చెయ్యాలో తోచని మనిషి చేతికి అలవాటున్న పనే చేస్తుందని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. అమ్మ నన్ను కూడా నూతి చప్టా మీదకి లాగి నా నెత్తిన ఒక చేద పోసింది. ఇద్దరం ఏడ్చాం. నీళ్ళ చప్పుడులో ఎవరికీ వినబడి ఉండదు.

బట్టలు మార్చుకుని ఇవతలికి వచ్చేసరికి రెండు చేతులా సంచులతో వదిన గుమ్మం ఎక్కుతోంది. పాప చేతిలో బుడగ. వదిన మా తలలు చూసింది.

"ఇదేంటండీ అత్తయ్యగారూ, ఈ వేళప్పుడు తలస్నానం?"

అమ్మ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "బల్లి పడిందమ్మా."

"మరి ఈ పిల్లకో?"

"దానిమీదా పడింది."

వదిన సంచులు కింద పడేసి పొట్ట పట్టుకుని నవ్వింది. "ఇద్దరిమీదా ఒకటే బల్లా అండీ? పాపం దానికి ఈ రోజు ఎంత పని పడిందో!" నవ్వి నవ్వి ఉన్నట్టుండి ఆగింది. "తలమీద పడితే మంచిది కాదంటారు కదండీ. పండగెళ్ళేక ఓసారి ఐనవిల్లి వెళ్ళి వినాయకుడికి దణ్ణం పెట్టుకొచ్చేద్దాం."

అప్పుడు చెప్పాల్సింది. నాన్న కూడా వచ్చి అరుగు మీద ఉన్నాడు. వదిన సంచిలోంచి ఒక్కొక్కటే తీసి చూపిస్తోంది. పచ్చగాజులు, ముత్తైదువలకి రవికెల గుడ్డలు, పసుపుకొమ్ములు, కలశానికి జరీ అంచు పట్టుముక్క. గాజులవాడి దగ్గర ఎలా బేరమాడిందో, వాడు "మీకో దణ్ణం తల్లీ" అని ఎలా ఒప్పుకున్నాడో వాడి గొంతుతోనే చెబుతోంది. మేం ముగ్గురం చూస్తూ కూర్చున్నాం. ఊళ్ళోవాళ్ళు ఆ తర్వాత దానికి చాలా పెద్ద పేర్లు పెట్టారు గానీ, మొదట్లో అది వట్టి పిరికితనం.

సాయంత్రానికి ఆ పిరికితనానికి ఒక ధర్మం దొరికింది. పక్కింటి పెద్దావిడ పెరటి దారిన వచ్చి పశువుల పాకలో ఉన్న అమ్మని కలుసుకుంది. ఫోన్ వాళ్ళింట్లోనే కాబట్టి మా ముగ్గురితోపాటు విషయం తెలిసింది ఆవిడొక్కరికే.

"కోడలికి చెప్పేయండి వదినగారూ. దాచినకొద్దీ బరువెక్కుతాదండీ."

"ఎల్లుండి వరలక్ష్మీ వ్రతం అండీ" అంది అమ్మ. "ఇంక జన్మలో దానికి ఆ పూజ లేదు. ఈ ఒక్కసారీ పసుపు కుంకాలతో చేసుకోనివ్వండి. శనివారం పొద్దున్న నేనే చెబుతాను."

"మైల కదండీ మరి?"

"మైల విన్నవాళ్ళకండీ. వినని వాళ్ళకేముంది? అది వినలేదు."

ఇది మా అమ్మ అప్పటికప్పుడు పుట్టించిన మాట కాదు. దూరదేశంలో ఎవరైనా పోతే, కబురు చెవిన పడ్డ రోజు నుంచే మైల లెక్క. మా వైపు పెద్దవాళ్ళందరూ చెప్పేదే. అమ్మ ఆ మాటని పట్టుకుని ఇంకో అడుగు వేసింది. విన్న ముగ్గురం పూజకి సంబంధించిన పూచికపుల్ల కూడా ముట్టుకోకూడదు. గడప, తోరణం, ముగ్గు, కలశం, పిండివంట, అన్నీ వదినే చెయ్యాలి. అంటే ఆ ఇంట్లో దేవుణ్ణి ముట్టుకోవడానికి అర్హత మిగిలింది ఒక్క వదినకే. మొగుడు పోయినదానికే.

నాన్న తోటలో కొబ్బరి పీచు డొక్కల కుప్ప పక్కన కూర్చుని ఉంటే అమ్మ వెళ్ళి అంతా చెప్పింది. "నీ ఇష్టం" అన్నాడు. మా నాన్న జీవితంలో పెద్ద విషయాలన్నిటికీ ఆ మాటే అన్నాడు. చిన్న విషయాలకి మాత్రం ఇల్లు పీకి పందిరేసేవాడు.

మరి నేనో? కాలేజీలో అర మార్కు తగ్గితే లెక్చరరు గదిలోకి వెళ్ళి వాదించేదాన్ని. ఆ సాయంత్రం అమ్మ "నువ్వు నోరు జారావంటే నామీద ఒట్టు" అంటే తలూపాను. ఒక్క పండగే కదా, చేసుకోనీ అనుకున్నాను. నేను కూడా అలాగే అనుకున్నాను. ఇన్నేళ్ళూ నేరమంతా అమ్మ మీదకి నెట్టి తిరిగాను కాబట్టి ఈ మాట రాయక తప్పదు.

గురువారం పొద్దున్నే వదిన కొంగు బిగించింది. అమ్మ జ్వరమని ముసుగు పెట్టి వసారాలో మంచం మీద పడుకుంది. నేను ముట్టయ్యానని చెప్పాను.

"అదేంటి, నీకింకా పది రోజులుంది కదా?" అంది వదిన. ఒకే ఇంట్లో ఆడవాళ్ళకి ఒకరి తేదీలు ఒకరికి తెలుస్తాయి.

"ముందొచ్చేసింది."

నన్ను ఒక చూపు చూసింది. పని ఎగ్గొట్టడానికి వేషం వేస్తున్నానని ఆ చూపులో తేటతెల్లంగా ఉంది. పాపని పక్కింటికి పంపించి మామిడి కొమ్మలు తెప్పించుకుని, గుమ్మంలో కూర్చుని ఆకులు ఏరింది. చిల్లులున్నవి ఒక పక్క, నిండుగా ఉన్నవి ఒక పక్క. కొబ్బరి ఈనెలు చిన్నచిన్న ముక్కలు విరిచి, ఒక్కో ఆకునీ మడిచి పురికొసకి గుచ్చింది. మా ఇంటికి ఏడు గుమ్మాలు. ఏడు తోరణాలూ ఒక్కచేత్తో కట్టింది. గడపలకి పసుపు రాస్తూ, కుంకం బొట్లు వరసలో పెడుతూ ఏదో పాట కూనిరాగం తీస్తోంది. తడి బియ్యప్పిండితో వీధి గుమ్మం నుంచి తూర్పు గది దాకా ముగ్గు వేసింది. మధ్యమధ్య నడుం పట్టుకుని లేచి, "ఈ ఇంట్లో ముగ్గురాడాళ్ళున్నారని ఊరంతా అనుకుంటన్నారు" అని గోడకి చెప్పినట్టు చెప్పింది.

మధ్యాహ్నం మండపం మొదలైంది. తన పెళ్ళిపట్టుచీర కుచ్చిళ్ళు పోసి గోడకి కట్టింది. అటూ ఇటూ అరటి పిలకలు. ఇక అసలు పని లేత కొబ్బరాకుతో. మా సీమలో పెళ్ళిపందిళ్ళకి ఆ ఆకుతో చిలకలు, విసనకర్రలు అల్లి వేలాడదీస్తారు. అది నేర్చినవాళ్ళ పని. వదిన వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకుంది. కిందటి శుక్రవారం ఫోన్లో అన్నయ్య "ఈసారి చిలకలు కట్టు, నేను లేననుకోకు" అన్నాడట. ఆ మాట చెబుతూ ముఖం అటు తిప్పుకుంది, సిగ్గుతో. నేను వసారా స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాను.

"ముట్టుకోకపోతే పోనీ, కళ్ళున్నాయి కదా" అంది ఎత్తుపీట ఎక్కుతూ. "అక్కణ్ణించే వంకరలు చెప్పు."

చెప్పాను. ఎడమవైపుది కిందకి జారింది వదినా. ఆ చిలక ముక్కు గోడవైపు తిరిగింది. రెండింటి మధ్యా జానెడు ఖాళీ ఉంది, అక్కడ తామరమొగ్గ వేలాడదియ్యి. కాదు, ఎర్రది కాదు, తెల్లది. చెబుతూ ఉంటే నాకు ఉత్సాహం వచ్చింది. ఒకచోట బాగాలేదని మూడు చిలకల్ని విప్పించి మళ్ళీ కట్టించాను. అలా ఒక అరగంట గడిచాక, అన్నయ్య ఫోన్ చేస్తే ఈ తామరమొగ్గల ఆలోచన నాదని చెప్పమనాలి అనుకున్నాను. అనుకున్నాక గుర్తొచ్చింది. పెరట్లోకి పరిగెత్తి వాంతి చేసుకున్నాను. "కడుపులో నొప్పా? మజ్జిగలో వాము వేసిస్తానుండు" అని వదిన లోపల్నించి కేకేసింది. అప్పటికి నిజంగానే నాకు బాగాలేదని నమ్మినట్టుంది. పీట దిగి నాకు మజ్జిగ తెచ్చి, ముట్టుకోకుండా అరుగు మీద పెట్టి, చేతులు కడుక్కుని మళ్ళీ పనిలోకి వెళ్ళిపోయింది.

శుక్రవారం తెల్లారేసరికి సన్నగా వాన. నాన్న పొద్దున్నే గొడుగేసుకుని పక్కింటికి వెళ్ళి, గోడమీద డబ్బాలోంచి ఫోను తీగ లాగేసి వచ్చాడు. మస్కట్ నుంచి అన్నయ్య స్నేహితులు మళ్ళీ ఎవరైనా చేస్తే, వదిన ఎత్తితే? అదీ భయం. ఆ తీగ లాగడం ఒక్కటే ఆ మూడు రోజుల్లో నాన్న చేసిన పని.

వదిన తలంటుకుని, ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, కొత్తగాజులు వేసుకుని పీట మీద కూర్చుంది. మా ఇంటికి పంతులుగారు రారు. వదినే చిన్న పుస్తకం చూసి కథ చదువుకునేది. కలశానికి పసుపుముద్దతో ముఖం దిద్ది, కళ్ళకి కాటుక పెట్టి, ముక్కుకి తన ముక్కుపుడకే పెట్టింది. చుట్టూ కనకాంబరాలు, చామంతులు, పైన వరసగా పచ్చటి చిలకలు. అంత అందమైన మండపం నేను ఆ తర్వాత ఎక్కడా చూడలేదు. ఈ మాట పొగడ్త కోసం అనడం లేదు. నాకు ఇప్పటికీ ఏ పెళ్ళిపందిట్లో కొబ్బరాకు చిలకలు కనబడ్డా అక్కణ్ణించి లేచి వెళ్ళిపోవాలనిపిస్తుంది.

పూజ అయ్యాక వీధిలోని ముత్తైదువలు వచ్చారు. మొదటి వాయనం అత్తగారికే ఇస్తానంది వదిన. పళ్ళెంలో నానబెట్టిన శనగలు, తాంబూలం, రవికెల గుడ్డ పట్టుకుని వసారాలోకి వచ్చింది. అమ్మ మంచం మీంచి లేచి గోడ వైపు జరిగింది.

"నేను స్నానం చెయ్యలేదమ్మా. ఒళ్ళు వెచ్చగా ఉంది. నాకొద్దు, వాళ్ళకియ్యి."

"మీరు తీసుకోకపోతే ఎలాగండీ? ముట్టుకోకండి, ఇక్కడ పెడతాను."

పళ్ళెం అమ్మ కాళ్ళ ముందు నేలమీద పెట్టి, వంగి దూరం నుంచే నేలకి తల ఆనించి దణ్ణం పెట్టింది. వాకిట్లో పది మంది ఆడవాళ్ళు చూస్తున్నారు. పక్కింటి పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వదిన తల ఎత్తలేదు. దీవెన కోసం అలాగే ఉంది.

"నిండు నూరేళ్ళు పసుపు కుంకాలతో చల్లగా ఉండు తల్లీ" అంది అమ్మ.

నేను అమ్మ ముఖం చూడలేక ముగ్గు వైపు చూశాను. ఆ తర్వాత బతికున్నన్నాళ్ళూ మా అమ్మ ఏ పెళ్ళికూతుర్నీ నోటితో దీవించలేదు. అక్షింతలు వేసి పక్కకి తప్పుకునేది. పొగరని అనుకున్నారు కొందరు.

వచ్చిన ప్రతి ఒక్కరూ మండపాన్ని చూసి ముక్కున వేలేసుకున్నారు. "ఒక్కదానివే కట్టేవా? నిజంగా ఒక్కదానివేనా?" అని అడిగారు. వదిన నావైపు చూసి, "చెప్పేవాళ్ళు చెప్పేరండీ, కట్టేదాన్ని కట్టేను" అని నవ్వింది. వాళ్ళు వెళ్ళిపోయాక పక్కింటికి వెళ్ళి ఫోను వచ్చిందేమో కనుక్కుంది. వెళ్ళేముందు నాతో, "ఇవాళ ఎవరు విన్నా సరే, నాలుగు మాటలెక్కువే మాట్లాడతాను. చిలకలు పదకొండు కట్టేనని చెప్పాలి" అంది.

పక్కింటావిడ తల దించుకుని, "పొద్దుట్నించీ పలకట్లేదమ్మా. వానకి ఎక్కడో తీగ తెగుంటాది" అని చెప్పిందట. వదిన భోజనం చేసి మళ్ళీ వెళ్ళింది. సాయంత్రం దీపాలు పెట్టాక మళ్ళీ వెళ్ళింది. మూడోసారి వచ్చాక కూడా ఆమె ముఖంలో బెంగ లేదు. "పోనీలే, వచ్చే శుక్రవారం చెబుతాను" అని పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మండపం ఎదుట చాలాసేపు కూర్చుంది.

శనివారం పొద్దున్న అమ్మవారికి ఉద్వాసన చెప్పి, అన్నీ తనే విప్పింది. కలశంలో పోసిన బియ్యంతో పరమాన్నం వండింది. అది ఇంట్లోవాళ్ళందరూ తినాలి. నాలుగు గిన్నెల్లో పెట్టి వసారాలో మా ముందు ఉంచింది. అమ్మ మంచం మీద లేచి కూర్చుంది. తనే చెబుతానన్న మనిషి నాన్న వైపు చూసింది. నాన్న గిన్నెని పక్కకి జరిపాడు.

"అబ్బాయి పోయేడమ్మా."

వదినకి అర్థం కాలేదు. "ఏ అబ్బాయండీ?" అంది.

నాన్న మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. రెండోసారి పేరు పెట్టి చెప్పాడు. ఆమె చేతిలో గరిటె అలాగే ఉంది.

"ఎప్పుడండీ?"

"మంగళవారం రాత్రి. బుధవారం మధ్యాహ్నం కబురొచ్చింది."

ఆమె కళ్ళు మా ముగ్గురి మీదా ఒక్కొక్కరి మీదా ఆగాయి. బుధవారం, గురువారం, శుక్రవారం, ఆమె వెనక్కి వెళ్ళి ఒక్కో రోజూ చూసుకుంటోందని తెలుస్తోంది.

"అయితే నిన్న నేను ఎవరికోసం చేసేనండీ?"

"నీకోసమే తల్లీ" అంది అమ్మ ఏడుస్తూ. "ఆ ఒక్కరోజూ నీకుండాలని."

"నన్నడగలేదు కదండీ" అంది వదిన. తర్వాత నావైపు తిరిగింది. "నీకూ తెలుసన్నమాట."

తెలుసన్నాను. అప్పుడు ఏడ్చింది. ఎలా ఏడ్చిందో నేను రాయను.

మూడో వారంలో పెట్టె వచ్చింది. దినకర్మలు జరిగాయి. వచ్చిన బంధువులందరూ అమ్మని మెచ్చుకున్నారు. ఎంత గుండె దిటవండీ ఆవిడది, కొడుకు పోయిన దుఃఖం దిగమింగుకుని కోడలికి ఆఖరి పండగ దక్కించింది, ఏ అత్త చేస్తుందండీ ఈ రోజుల్లో అన్నారు. ఆ మాటలు వదిన కూర్చున్న గదిలోకి వినబడేలాగే అన్నారు.

ఆ పైఏడు శ్రావణంలో మండపం నేను కట్టాను. ఏటిసూతకం వెళ్ళిపోయింది, కన్నెపిల్లని, ముట్టుకోవచ్చు. వదిన తూర్పు గదిలోకి రాలేదు. ఏడాది కిందట ఆ ఇంట్లో అన్నీ ముట్టుకోగలిగింది ఆమె ఒక్కతే, ఇప్పుడు ముట్టుకోకూడనిదీ ఆమె ఒక్కతే. ఈ శాస్త్రాలు రాసినవాడెవడో నాకు ఎదురుపడితే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను. ఆ దసరాకి ఆమె పాపని తీసుకుని కొత్తపేట వెళ్ళిపోయింది. కుట్టుమిషను పెట్టుకుంది. నాతో మాట్లాడేది, అవసరమైనంత వరకు.

నాకు పెళ్ళై రాజోలు వచ్చాక అమ్మకి పక్షవాతం వచ్చింది. నేను వెళ్ళి నెలరోజులు సేవ చేశాను. ఒక మధ్యాహ్నం తల దువ్వుతుంటే, అడగకుండానే చెప్పింది. "అది లోపల పూలు కడతా పాడుకుంటా ఉంటే నాకు వాడు బతికున్నట్టే ఉండేదే. శనివారం రాకుండా ఉంటే బాగుణ్ణనిపించేది." అంతకుముందు దాకా నాకు అమ్మ మీద కోపమే ఉండేది. ఆ మాట విన్నాక కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కోడలికి ఒక రోజు ఇచ్చానని లోకానికి చెప్పుకున్న మనిషి, నిజానికి తన కొడుక్కి మూడు రోజులు ఆయుష్షు పోసుకుంది. ఆ నెలాఖరుకే పోయింది.

తర్వాత రెండేళ్ళకి, వ్రతం ముందు గురువారం, నావీ మా వీధివాళ్ళవీ రవికెలు కుట్టి ఇవ్వడానికి వదిన రాజోలు వచ్చింది. నేను కలశానికి చీర కట్టలేక తంటాలు పడుతున్నాను. కుచ్చిళ్ళు నిలబడటం లేదు.

"నువ్వు కట్టి పెట్టు వదినా" అన్నాను.

"వద్దులే. మీ అత్తగారు చూస్తే బాగోదు."

"చూడనీ. ఎవరేమంటారో నేనూ చూస్తాను."

"నీ కోపం నాకేం పనికొస్తాదే? నువ్వు నలుగుర్ని తిట్టి లోపలికెళ్ళిపోతావు. ఆ నలుగురి రవికెలూ కుట్టి బతకాల్సింది నేను." గుమ్మం అవతల కుర్చీలో కూర్చుంది. కాఫీ ఇచ్చాను. మా అత్తగారు పడుకుని ఉన్నారు. ఇంట్లో ఇంకెవరూ లేరు. తొమ్మిదేళ్ళుగా గొంతులో ఉన్న మాట అడిగాను.

"నన్ను క్షమించేవా వదినా?"

కాఫీ చల్లారబెట్టుకుంటూ మామూలుగానే చెప్పింది. "నీ మీద కోపం ఎప్పుడో పోయింది. పంతొమ్మిదేళ్ళ పిల్లవి, నువ్వేం చేస్తావు? మీ అమ్మగారి మీద ఉండేది. ఆవిడ పోయేక అదీ పోయింది."

నాకు ఊపిరాడింది. ఆమె ఇంకా అయిపోలేదన్నట్టు చెయ్యి ఎత్తింది.

"నాకు నామీదే ఉందే. ఆ శుక్రవారం నేనెంత సంతోషంగా ఉన్నానో నీకు తెలీదు. పెళ్ళైన ఏడేళ్ళల్లో ఎప్పుడూ అంత సంతోషంగా లేను. మీ అన్నయ్య వచ్చి ఇంట్లో ఉన్నప్పుడు కూడా లేను. ఒక్కదాన్నే కట్టేను, ఊరంతా మెచ్చుకున్నారు, ఒళ్ళు తేలిపోయింది. అక్కడ ఆయన్ని ఐసులో పెట్టేరు, ఇక్కడ నేను పాటలు పాడుకుంటా తిరిగేను. పూజంటే మీరు చేయించేరు, సరే. సంతోషపడమని ఎవరూ చెప్పలేదు కదా? అది నేనే పడ్డాను. దాన్ని ఎవరి మీద వెయ్యను, చెప్పు?"

ఆమె గ్లాసు కింద పెట్టి, కొత్తపేట బస్సు వేళైందని లేచింది.